చెవిలో హోరు, మనసులో పోరు



ఈ మాటలు వింటున్న మీలో కొందరికి నా గొంతుతో పాటు ఇంకో చప్పుడు కూడా వినబడుతూ ఉండవచ్చు. కీచుమని సన్నగానో, బుస్సుమనో, గుయ్యిమనో, ఒక్కోసారి ఈల వేసినట్టో. అది రేడియోలోంచి రావడం లేదు. పక్కన కూర్చున్న మనిషికి అది వినబడదు. రేడియో కట్టేశాక, ఇంట్లో అందరూ పడుకున్నాక, ఆ చప్పుడు ఇంకా పెద్దదైనట్టు అనిపిస్తుంది. వైద్యులు దాన్ని టినిటస్ అంటారు. మనం చెవిలో హోరు అంటాం, రొద అంటాం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే పుదుచ్చేరి కుటుంబాల వాళ్లు డాక్టరు దగ్గర 'కాదు ఇరైచ్చల్', అంటే చెవి రొద, అని చెబుతారు. ఎలా చెప్పినా సంగతి ఒకటే. బయట లేని చప్పుడు లోపల ఆగకుండా వినబడుతూ ఉంటుంది.

నేను వినికిడి పరీక్షలు చేసే వృత్తిలో ఉన్నాను. ఈ ప్రసంగంలో చెప్పదలచుకున్నది ఒక్కటే. చెవిలో హోరుతో మనిషి పడే బాధ, ఆ హోరు ఎంత పెద్దది అన్నదాన్ని బట్టి ఉండదు. రాత్రి నిద్ర పడుతోందా, ఏం భయం పట్టుకుంది, ఇంట్లో తన మాట వినేవాళ్లు ఉన్నారా లేరా, వీటిని బట్టి ఉంటుంది. అందుకే ఈ జబ్బును చెవి వరకే చూసి పంపిస్తే సగం వైద్యం కూడా జరగనట్టే.

ఇది అరుదైన జబ్బేమీ కాదు. ప్రపంచంలో పలు దేశాల అధ్యయనాలను కలిపి చూసిన ఒక పరిశీలన 2022లో వచ్చింది. పెద్దవాళ్లలో నూటికి 14 మందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ హోరు వినబడుతోందని, ప్రపంచం మొత్తం మీద అలాంటివాళ్లు 74 కోట్లు దాటతారని అందులో తేలింది. వాళ్లలో ఎక్కువమంది దాన్ని పట్టించుకోకుండానే బతికేస్తారు. 12 కోట్ల మందికి పైగా మాత్రం అది బతుకునే కుదిపేసే సమస్య. ఒకే రకం చప్పుడు ఒకరికి ఏమీ కాకపోవడం, ఇంకొకరిని మంచం నుంచి లేవనివ్వకపోవడం ఎలా జరుగుతుంది? అసలు ప్రశ్న ఇదే.

1940లలో అమెరికాలో ఎడ్మండ్ ఫౌలర్ అనే చెవి వైద్యుడు ఒక పరీక్ష చేశాడు. రోగి చెవిలో వినబడే హోరుకు సమానమైన చప్పుడును యంత్రంతో వినిపించి, ఇది అంత ఉందా, ఇంకా పెద్దదా అని అడుగుతూ పోయాడు. తలలో రైలు పోతున్నట్టుందని చెప్పినవాళ్ల హోరు కూడా చాలాసార్లు, వాళ్ల చెవి వినగలిగే అతి చిన్న చప్పుడు కన్నా ఐదు పది డెసిబెళ్లు మాత్రమే ఎక్కువగా తేలింది. ఆ తర్వాత ఎంతోమంది ఇదే పరీక్ష చేసి దాదాపు ఇదే ఫలితం చూశారు. మా పరీక్ష గదిలోనూ మేము రోజూ చూసేది ఇదే. దీని అర్థం రోగి అబద్ధం చెబుతున్నాడని కాదు. అతనికి ఆ చప్పుడు నిజంగానే అంత పెద్దది. దాన్ని అంత పెద్దది చేస్తున్నది చెవి కాదు, దాని వెనకున్న మెదడు.

ఇంకో సంగతి వినండి. 1953లో హెల్లర్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు చెవి జబ్బేదీ లేని 80 మందిని ఒక్కొక్కరినే బయటి చప్పుడు ఏ మాత్రం రాని గదిలో కూర్చోబెట్టారు. ఏం వినబడితే అది రాయమన్నారు. నూటికి 94 మంది ఏదో ఒక చప్పుడు వినబడిందని రాశారు. గుయ్యిమందని, ఈల వేసిందని, కీచురాళ్లు అరిచినట్టుందని. అంటే వినే యంత్రాంగం ఉన్న దాదాపు ప్రతి మనిషిలోనూ కొద్దో గొప్పో హోరు ఉంది. బయటి సందడి దాన్ని కప్పేస్తుంది, మెదడు దాన్ని పట్టించుకోదు. చెవికి దెబ్బ తగిలినప్పుడు ఈ ఏర్పాటు చెడిపోతుంది.

చెవికి దెబ్బ అంటే మన పుదుచ్చేరిలో మొదట గుర్తొచ్చేవి మిల్లులు. సావనా మిల్లు, రోడియర్ మిల్లు, గెబ్లే మిల్లు. తరవాతి పేర్లలో స్వదేశీ, ఏఎఫ్‌టీ, భారతి. 1898లో మొదలైన ఆంగ్లో ఫ్రెంచ్ టెక్స్‌టైల్స్, అంటే ఏఎఫ్‌టీ, వందేళ్లు దాటి నడిచి 2020లో మూతపడింది. స్వదేశీ, భారతి మిల్లులూ అదే ఏడు మూతపడ్డాయి. ముదలియార్‌పేట వైపు మూడు నాలుగు తరాల వాళ్లు ఆ మగ్గాల షెడ్డుల్లోనే పనిచేశారు. వందల మరమగ్గాలు ఒకే కప్పు కింద ఆడుతుంటే పక్క మనిషి మాట వినబడదు. కళ్లతో, చేతులతో, పెదాల కదలికతో మాట్లాడుకోవాలి. అలాంటి చోట చప్పుడు 90 డెసిబెళ్లు దాటడం మామూలే.

1936 జూలై 30న ఆ మిల్లు కార్మికుల మీద ఫ్రెంచి ప్రభుత్వం కాల్పులు జరిపింది. 12 మంది చనిపోయారు. వాళ్లు అడిగినవాటిలో ముఖ్యమైనది రోజుకు ఎనిమిది గంటల పని. మరుసటి ఏడే అది ఫ్రెంచి ఇండియాలో చట్టమైంది. ఈ చరిత్రను కూలి పోరాటంగా చెప్పుకుంటాం, అలా చెప్పుకోవాల్సిందే. చెవుల వైపు నుంచి కూడా నేను దాన్ని చూస్తాను. చప్పుడు చెవికి చేసే హాని రెండు లెక్కల మీద ఆధారపడుతుంది: ఎంత గట్టిగా, ఎంతసేపు. మగ్గం చప్పుడు తగ్గించే దారి ఆ రోజుల్లో ఎవరికీ లేదు. దాని కింద నిలబడే గంటలు తగ్గాయి. తరవాత వచ్చిన మన ఫ్యాక్టరీ నిబంధనల్లోనూ 90 డెసిబెళ్ల చప్పుడులో ఎనిమిది గంటలు అనే హద్దే పెట్టారు. చప్పుడు వల్ల వచ్చే చెవుడు ఫ్యాక్టరీల చట్టం ప్రకటించిన వృత్తి జబ్బుల జాబితాలోకీ చేరింది. తూటాలకు ఎదురు నిలిచిన ఆ మనుషులు తమ పిల్లల చెవులకు కూడా మేలు చేసిపోయారు.

లోపల జరిగేది ఇది. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉండే కాక్లియాలో, ఒక్కో చెవికి దాదాపు 15 వేల సన్నటి కణాలు ఉంటాయి. వాటి తలల మీద వెంట్రుకల్లాంటి నిర్మాణాలు గాలిలో వచ్చే చప్పుడును విద్యుత్ సంకేతంగా మార్చి మెదడుకు పంపుతాయి. మగ్గం, డ్రిల్లు, పెళ్లిలో డీజే, దీపావళి బాంబు, చెవిలో గంటలకొద్దీ మోగే ఇయర్‌ఫోను, వయసు, కొన్ని మందులు, ఇవన్నీ ఆ కణాలను చంపుతాయి. చచ్చినవి మళ్లీ పుట్టవు. ముందుగా పోయేవి సన్నటి, కీచు శబ్దాలను పట్టే కణాలు. వాటి నుంచి వచ్చే కబురు తగ్గేసరికి మెదడు ఊరుకోదు. ఆ కొద్దిపాటి సంకేతాన్నే పెంచి పెంచి వినే ప్రయత్నం చేస్తుంది. ఆ పెంపులో తన సొంత నరాల సందడి కూడా చప్పుడుగా వినబడుతుంది. ఎక్కువమందిలో హోరు పుట్టుక ఇలాగేనని నేటి శాస్త్రం చెబుతోంది.

ఇక్కడి నుంచి కథ చెవిని దాటి మనసులోకి వెళుతుంది.

మిల్లులో ముప్ఫై ఏళ్లు పనిచేసి ఇంటికొచ్చిన ఒక పెద్దాయనను ఊహించుకోండి. ఒక రాత్రి నిద్ర పట్టక లేచి కూర్చుంటాడు. చెవిలో కీచుమంటోంది. ఇన్నాళ్లూ లేదే, ఇప్పుడెందుకు? నరం చిట్లిందా? మెదడులో గడ్డా? భయం పుట్టగానే గుండె వేగం పెరుగుతుంది, ఒళ్లు బిగుసుకుంటుంది. ఇది ప్రమాదం అని మెదడులో భయానికి సంబంధించిన భాగం ముద్ర వేస్తుంది. ప్రమాదమని ముద్ర పడిన దేన్నీ మెదడు వదిలిపెట్టదు, అదే పనిగా వెతుకుతుంది. వెతికిన కొద్దీ వినబడుతుంది, వినబడిన కొద్దీ భయం పెరుగుతుంది. మర్నాడు రాత్రి పడుకునే ముందే, ఈ రాత్రి కూడా వస్తుందా అని చెవి ఒగ్గి కూర్చుంటాడు. నిద్ర చెడుతుంది. నిద్ర లేని మనిషికి పగలు చిరాకు. టీవీ గట్టిగా పెడతాడు. కోడలు వచ్చి, "మామయ్యగారూ, పిల్లలు చదువుకుంటున్నారు, కాస్త తగ్గించండి" అంటుంది. ఆమె తప్పు లేదు, ఆమెకు సంగతి తెలియదు. ఆయనకు మాత్రం ఈ ఇంట్లో తానొక అడ్డం అనిపిస్తుంది. గుడికి వెళ్లడం మానేస్తాడు, అక్కడ మైకు. పెళ్లికి వెళ్లడం మానేస్తాడు, అక్కడ తవిలు డోలు. టీకొట్టు దగ్గర కూర్చునే స్నేహితుల మాటలు సరిగ్గా వినబడవు, వాళ్లతో కలవడమూ మానేస్తాడు. ఆరు నెలలు గడిచేసరికి చెవిలో ఒక కీచుతో మొదలైన సంగతి దిగులు జబ్బై కూర్చుంటుంది.

పావెల్ జాస్త్రెబాఫ్ అనే పరిశోధకుడు 1990లో ఈ వలయాన్ని శాస్త్రం భాషలో వివరించాడు. హోరు ఎక్కడ పుట్టినా దాన్ని బాధగా మార్చేవి మెదడులో భావోద్వేగాలకు, ఒంటి అప్రమత్తతకు సంబంధించిన భాగాలని ఆయన చెప్పాడు. ఆయన మాటలో ప్రతి వివరాన్నీ అందరూ ఒప్పుకోలేదు. ఆ వలయం ఉందన్న సంగతిని మాత్రం రోగుల మధ్య పనిచేసిన ఎవరూ కాదనలేరు. ఇది రెండు వైపులా నడుస్తుంది కూడా. హోరు దిగులు తెస్తుంది. ముందే దిగులు, ఆందోళన ఉన్న మనిషికి అంతకు ముందు పట్టించుకోని హోరు ఒక్కసారిగా భరించలేనిదవుతుంది. ఇంట్లో చావు, ఉద్యోగం పోవడం, అప్పు, ఇలాంటి దెబ్బ తగిలిన రోజుల్లోనే హోరు మొదలైందని చెప్పేవాళ్లు ఎంతమందో. మిల్లు మూతపడితే పోయేది జీతం ఒక్కటే కాదు. అన్నేళ్లూ చెవిలోని హోరును కప్పిపెట్టిన మగ్గాల చప్పుడు కూడా అదే రోజు ఆగిపోతుంది.

పెద్ద సంగీతకారుడైనా దీనికి అతీతుడు కాడు. బేతోవెన్ 1801లో వైద్యుడైన తన స్నేహితుడు వేగెలర్‌కు రాసిన ఉత్తరంలో రాత్రీ పగలూ చెవుల్లో ఆగని హోరు గురించి చెప్పుకున్నాడు. చెవిటివాడినని నలుగురికి చెప్పుకోలేక మనుషులకు దూరంగా ఉంటున్నానని కూడా రాశాడు. మరుసటి ఏడు రాసి పెట్టుకున్న పత్రంలో, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన దాకా వెళ్లానని, తన కళే తనను ఆపిందని రాసుకున్నాడు. ఆయన పేరు చెప్పడం గొప్పవాళ్లకూ ఈ జబ్బు వచ్చిందని ఓదార్చడానికి కాదు. రెండు వందల ఏళ్ల కింద వియన్నాలో ఆయనను కుంగదీసిన సిగ్గు ఇవాళ మన రెడ్డియార్‌పాళయంలో, లాస్‌పేటలో, యానాంలో మనుషుల్ని కుంగదీస్తోంది.

ఆ సిగ్గు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. చాలామంది ఈ హోరు గురించి ఇంట్లో చెప్పరు. ఎందుకు చెప్పలేదని అడిగితే, ఎవరికీ వినబడనిది నాకు వినబడుతోందంటే పిచ్చి అనుకుంటారని భయపడ్డాను అంటారు. ఈ భయం అక్కర్లేదు. మతి చెదిరినప్పుడు వినబడేవి సాధారణంగా మాటలు. ఎవరో పిలిచినట్టు, తిట్టినట్టు, ఆజ్ఞాపించినట్టు. అవి బయటి నుంచే వస్తున్నాయని ఆ మనిషి నమ్ముతాడు. టినిటస్‌లో వినబడేది అర్థం లేని చప్పుడు, అది తన లోపలిదేనని మనిషికి తెలుసు. రెండూ వేరు. మాటలు వినబడేవాళ్లకూ మంచి వైద్యం ఉంది, అదీ సిగ్గుపడాల్సిన జబ్బు కాదు. ఈ రెంటికీ తేడా తెలియక ఏళ్ల తరబడి నోరు మూసుకుని బాధపడేవాళ్లను చూస్తే నాకు ప్రాణం విలవిల్లాడుతుంది.

ధైర్యం చేసి ఆస్పత్రికి వచ్చినవాళ్లకు ఏం జరుగుతుంది? చెవిలో గుబిలి చూస్తారు, ఉంటే తీస్తారు. వినికిడి పరీక్ష రాస్తారు. తర్వాత చాలాచోట్ల వినే మాట ఇది: "ఏమీ లేదు, వయసు వల్ల. అలవాటు చేసుకోండి." ఈ మాట అనేవాళ్లు చెడ్డవాళ్లు కాదు. బయట బారులు తీరిన జనం, ఒక్కొక్కరికి దొరికే రెండు మూడు నిమిషాలు. అలవాటు చేసుకోవడమే చివరికి వైద్యం అన్నదీ నిజమే. ఫ్రిజ్ చప్పుడును పట్టించుకోవడం మానేసినట్టు మెదడు ఈ హోరునూ పట్టించుకోవడం మానేయగలదు. అయితే దానికి దారి చూపకుండా, అలవాటు చేసుకోమని మాత్రమే చెబితే ఆ మనిషికి వినబడేది వేరు. ఇది ఎప్పటికీ తగ్గదు, నీ బాధ ఎవరికీ పట్టదు, వెళ్లు. భయంతో వచ్చినవాడు అంతకు రెట్టింపు భయంతో ఇంటికి వెళతాడు. వైద్యం పేరుతో ఆ వలయానికి ఇంకో చుట్టు కలుస్తుంది.

దారి ఉంది. దాని పేరు కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, పొట్టిగా సీబీటీ. హోరు గురించి మనిషిలో తిరిగే ఆలోచనలను ఒక్కొక్కటే బయటికి తీసి పరీక్షించే పద్ధతి ఇది. "ఈ రాత్రీ నిద్ర పట్టదు, రేపు పని చేయలేను, ఇక నా బతుకింతే" అని మనసులో గొలుసు కట్టుకునే మాటల్లో ఏది నిజం, ఏది భయం అని విడదీస్తారు. మానేసిన పనులను కొద్దికొద్దిగా మళ్లీ మొదలుపెట్టిస్తారు. నిద్ర వేళలు సరిచేస్తారు, ఒంటి బిగువు వదిలించుకోవడం నేర్పుతారు. 2020లో కాక్రేన్ సంస్థ 28 అధ్యయనాలను, వాటిలో పాల్గొన్న 2,733 మందిని కలిపి పరిశీలించింది. సీబీటీ వల్ల హోరు రోజువారీ బతుకు మీద చూపే దెబ్బ తగ్గుతుందని తేల్చింది. హోరు గట్టితనాన్ని తగ్గించడం దీని ఉద్దేశం కాదు. చప్పుడు అలాగే ఉండి బాధ తగ్గిందంటే, బాధ ఎక్కడుందో అదే చెబుతోంది.

మందుల సంగతి త్వరగా చెబుతాను. టినిటస్‌ను తీసేసే మాత్ర ఇంతవరకూ లేదు. అమెరికా చెవి వైద్యుల సంఘం 2014లో ఇచ్చిన మార్గదర్శకాలు జింకో అనే మూలికా మాత్రలు, జింకు, ఇలాంటివి రాయవద్దన్నాయి, సీబీటీని సిఫారసు చేశాయి. దిగులు జబ్బు, ఆందోళన జబ్బు కూడా ఉన్నప్పుడు వాటికి మానసిక వైద్యులు ఇచ్చే మందులు వేరు. అవి అవసరమైతే తప్పకుండా వాడాలి, ఎవరో ఏదో అన్నారని మధ్యలో ఆపకూడదు. చెవిలో వెల్లుల్లి నూనె, వేడి నూనె మాత్రం పోయవద్దు. కర్ణభేరికి చిల్లు ఉంటే అది కొత్త జబ్బు తెచ్చిపెడుతుంది. వినికిడి తగ్గినవాళ్లకు వినికిడి యంత్రం హోరుకు కూడా మంచి మందు. బయటి మాటలు మళ్లీ వినబడేసరికి మెదడుకు పని దొరుకుతుంది, మనిషి నలుగురిలోకి వస్తాడు.

నిశ్శబ్దం మాత్రం ఈ జబ్బు ఉన్నవాళ్లకు శత్రువు. చెవికి విశ్రాంతి ఇద్దామని తలుపులు మూసుకుని చప్పుడు లేని గదిలో పడుకుంటే హోరు ఇంకా పైకొస్తుంది. ఈ సంగతి పాత వైద్యులకూ తెలుసు. మన జిప్మర్ ఆస్పత్రికి మూలమైన ఫ్రెంచి వైద్య పాఠశాల పుదుచ్చేరిలో 1823లో మొదలైంది. దానికి రెండేళ్ల ముందు, 1821లో, పారిస్ బధిరుల పాఠశాల వైద్యుడు ఝాఁ ఇటార్ చెవి జబ్బుల మీద పెద్ద గ్రంథం రాశాడు. హోరుతో నిద్ర పట్టనివాళ్ల మంచం దగ్గర నీటిబొట్లు పడే ఏర్పాటు చేయమని, పొయ్యిలో మంట చిటపటలు వినబడేలా చూడమని అందులో సలహా ఇచ్చాడు. ఇవాళ మేము చెప్పేది అదే. ఫ్యాను వేసుకోండి. వాన చప్పుడు, అలల చప్పుడు ఫోనులో చిన్నగా పెట్టుకోండి. అదీ లేకపోతే ఈ రేడియోలోనే ఒక స్టేషనుకూ ఇంకో స్టేషనుకూ మధ్య వచ్చే బుస చప్పుడు చాలు. హోరును పూర్తిగా ముంచేసేంత గట్టిగా వద్దు. రెండూ పక్కపక్కనే వినబడాలి. అప్పుడే మెదడు హోరును వదిలిపెట్టడం నేర్చుకుంటుంది.

ఆ చప్పుడు మందు మన ఊరికి ఉచితంగానే దొరికింది. బీచ్ రోడ్డు మీద సాయంత్రం ఆరు తర్వాత బండ్లు ఆపేస్తారు. నల్లరాళ్ల మీద అలలు విరిగే చప్పుడులో సన్నటి కీచులన్నీ కలిసిపోతాయి. హోరుతో బాధపడేవాళ్లను ఇంట్లోవాళ్లు చేయి పట్టుకుని అక్కడికి తీసుకెళ్లండి, ఒక గంట కూర్చోబెట్టండి. ఒంటరిగా పంపకండి. పక్కన మనిషి ఉండటం కూడా ఆ వైద్యంలో భాగమే.

కొన్ని సందర్భాల్లో ఆలస్యం చేయకూడదు. ఒక్కసారిగా ఒక చెవి వినబడటం మానేసి హోరు మొదలైతే అది అత్యవసరం. రోజుల్లోనే మందు పడాలి, వారాలు దాటితే వినికిడి తిరిగి వచ్చే అవకాశం బాగా తగ్గిపోతుంది. హోరు గుండె కొట్టుకున్నట్టు లయగా ఉన్నా, ఒక చెవిలోనే ఉండి తగ్గకపోయినా, తల తిరుగుడు, ముఖం వంకర వంటివి తోడైనా స్కానింగు అవసరం కావచ్చు. కొన్ని యాంటీబయాటిక్ ఇంజక్షన్లు, సిస్‌ప్లాటిన్ అనే క్యాన్సరు మందు, ఎక్కువ మోతాదులో ఆస్పిరిన్, క్వినైన్ వంటివి వాడుతుండగా హోరు మొదలైతే వెంటనే ఆ డాక్టరుకు చెప్పాలి.

ఇప్పుడు మన పుదుచ్చేరి గురించి. జాతీయ నేర గణాంకాల బ్యూరో లెక్కల ప్రకారం 2021లో దేశం మొత్తం మీద లక్ష జనాభాకు 12 ఆత్మహత్యలు నమోదయ్యాయి. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో 31.8. ఎన్నో ఏళ్లుగా ఈ జాబితాలో మనం పై వరసలోనే ఉన్నాం. దీని వెనక చెవి హోరు ఉందని నేను అనడం లేదు. ఇంత దిగులు ఉన్న ఊళ్లో, నిద్ర పట్టడం లేదు, చెవిలో హోరు ఆగడం లేదు అని ఒక మనిషి వచ్చి చెప్పుకున్నప్పుడు, అతని మనసెలా ఉందో అడగకుండా పంపడం మాత్రం తప్పు. పెద్ద తప్పు.

మన దగ్గర వసతి లేక కాదు. గోరిమేడులోని జిప్మర్‌లో చెవి ముక్కు గొంతు విభాగం ఉంది, మానసిక వైద్య విభాగం ఉంది. యానాం నుంచి ఎనిమిది వందల కిలోమీటర్లు దాటి వచ్చే తెలుగువాళ్లు దశాబ్దాలుగా ఆ ఆవరణలోనే వరండాల్లో పడుకుని చూపించుకున్నారు. 2024లో యానాంలోనే జిప్మర్ విభాగం మొదలైంది. పట్నంలో ఇందిరాగాంధీ ప్రభుత్వాస్పత్రి ఉంది. కొరవడింది ఒక విభాగం నుంచి ఇంకో విభాగానికి రోగిని నడిపించే మాట. చెవి డాక్టరు మానసిక వైద్యుడికి చీటీ రాస్తే, "నాకు పిచ్చా?" అని రోగి ఆ చీటీని జేబులోనే ఉంచుకుని బస్సెక్కుతాడు. ఆ చీటీ ఎందుకు రాశారో ఒక్క నిమిషం కూర్చోబెట్టి చెబితే ఎక్కువమంది వెళతారు. "మీ చెవిలో చప్పుడు నిజమే. మీరు కల్పించుకున్నది కాదు. దాని వల్ల మీ నిద్ర, మీ మనసు దెబ్బతిన్నాయి. వాటికి వైద్యం చేస్తే ఈ చప్పుడును భరించడం సులువవుతుంది." ఇంత చెబితే చాలు. హోరు వల్ల కలిగే ఇబ్బందిని కొలవడానికి 25 ప్రశ్నల పట్టిక ఒకటి 1996 నుంచి ప్రపంచమంతా వాడుకలో ఉంది. అందులో అడిగేది ప్రధానంగా చప్పుడు గురించి కాదు. నిద్ర, చిరాకు, నిస్సహాయత, ఇంట్లోవాళ్లతో సంబంధాలు. ఒక నర్సు పది నిమిషాల్లో నింపించగలదు. ప్రతి చెవి విభాగంలో అది ఉండాలని నా కోరిక.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. "ఎప్పుడూ అదే గోల" అని విసుక్కోకండి. రోజూ "ఇవాళ హోరు ఎలా ఉంది?" అని అడగకండి కూడా, అది మనసును మళ్లీ దాని మీదికే తిప్పుతుంది. "రాత్రి నిద్ర పట్టిందా నాన్నా?" అని అడగండి. భోజనానికి అందరితో కూర్చోబెట్టండి, ఎదురుగా నిలబడి నెమ్మదిగా మాట్లాడండి. వాళ్ల నోట "ఇక బతకడం ఎందుకు" అన్న మాట వస్తే, ఊరికే అన్నార్లే అని దాటవేయకండి. అక్కడే కూర్చోండి, వినండి, ఒంటరిగా వదలకండి, ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

మిల్లులు మూతపడ్డాయి కదా, కొత్త తరానికి ఈ బెడద లేదని అనుకోకండి. ప్రమాదకరమైన స్థాయిలో పాటలు, ఆటలు వినడం వల్ల వంద కోట్లకు పైగా యువత వినికిడి ముప్పులో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. వారాంతాల్లో మన వీధుల్లో మోగే స్పీకర్లు, సైలెన్సరు పీకిన బుల్లెట్లు చూస్తున్నాం. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు లౌడ్‌స్పీకర్లు మోగించకూడదని, ఇళ్ల మధ్య రాత్రి చప్పుడు 45 డెసిబెళ్లు దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లోనే ఉంది. ఫిర్యాదు చేయడం పౌరుల హక్కు, వాడుకోండి.

చివరగా, చెవిలో హోరుతో ఈ రాత్రి నిద్ర పట్టక ఒంటరిగా కూర్చోబోతున్నవాళ్లకు. మనసు బాగా కుంగిపోతే ఏ వేళయినా టెలి మానస్‌కు ఫోను చేయండి. నంబరు 14416. మళ్లీ చెబుతున్నాను, ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన సేవ ఇది. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. పొద్దున్నే లేచి దగ్గరలోని ప్రభుత్వాస్పత్రిలో చెవి విభాగానికి టోకెను తీసుకోండి. డాక్టరు చెవిలోకి చూడటం అయిపోయాక వెంటనే కుర్చీలోంచి లేవకండి. "డాక్టరుగారూ, నాకు నిద్ర పట్టడం లేదు, భయంగా ఉంది" అని కూడా చెప్పండి.